మందం

డులూత్‌లో ఏప్రిల్ అంటే ఇంకా చలికాలమే.
సరస్సు మీద మంచు పలకలు ఒరుసుకుని
రాత్రంతా ఎవరో గాజు సామాన్ల బీరువా జరుపుతున్నట్టు చప్పుడు.
హాస్పిస్ బేస్‌మెంట్‌లో పొడుగు బల్ల.
ఒకవైపు నేను, ఎదురుగా ఆర్లిస్, రిటైరైన లెక్కల టీచరు.
మా మధ్య ఆరువందల పన్నెండు కవర్లు.

పోయినేడాది మా మంచాల మీద కన్నుమూసినవాళ్ల
ఇళ్లకి ఏటా వెళ్లే ఉత్తరం.
ఈసారి డైరెక్టరుగారికి ఓ ఆలోచన తట్టింది.
ప్రతి ఉత్తరంతో చిన్న పొట్లం,
పొద్దుతిరుగుడు గింజలు, ఏడేసి.
ఏడే ఎందుకంటే
"ఉన్నవాటిని భాగిస్తే అంతే వచ్చాయి" అంది ఆర్లిస్.

పోస్టాఫీసు వాళ్ల నిబంధనల పుస్తకం నా చేతికిచ్చారు.
మనిషికి నుదుటి మీద రాస్తాడంటారు కదా,
కవరుకి కుడికాలి దగ్గర.
అడుగు నుంచి అంగుళంలో ఐదు ఎనిమిదో వంతులు,
కుడి అంచు నుంచి పావు తక్కువ ఐదంగుళాలు,
అక్కడ పువ్వు బొమ్మ వెయ్యకూడదు,
బొటనవేలి మరకైనా పడకూడదు.
అది మిషను చదువుకునే చోటు.
నలుచదరపు కవరైతే
ఎటు తలో ఎటు కాళ్లో దానికి తెలీదట,
అందుకు అదనపు రుసుము.

కిటికీ కవరుని బల్ల మీద తట్టి చూడాలి,
ఎడమకోసారి, కుడికోసారి, కిందకోసారి.
లోపలి పేరు కిటికీ దాటి జారకూడదు.
తట్టాను.
'ఇంగ్రిడ్ సోల్‌హైమ్ కుటుంబానికి'
అటు కదిలింది, ఇటు కదిలింది,
మళ్లీ కిటికీ దగ్గరికే వచ్చి నిలబడింది.
చివరి పదకొండు రోజులూ ఆవిడ మంచం
కిటికీ పక్కనే.

జిప్ కోడ్ వారీగా ట్రేల్లో సర్దాం, మొహాలన్నీ ఒకే వైపుకి.
కంచె తగాదాలో ఇరవయ్యేళ్లుగా మాటల్లేని రెండిళ్లు
ఒకదాని వీపుకొకటి ఆనుకున్నాయి.
ఆర్లిస్‌కి తెలుసు. విడదియ్యలేదు.

బల్క్ మెయిల్ కౌంటర్‌లో రోలాండ్
ఒక కవరు తీసి
బియ్యంలో రాయి వెతికినట్టు వేళ్ల మధ్య నలిపాడు.
"ఏవో గుండ్రంగా తగులుతున్నాయి."
గింజలండీ.
"మందం అంతటా ఒకేలా ఉండాలి.
లేకపోతే మిషను నమిలేస్తుంది.
లేదా ఒక్కోదానికీ ఇంకొంత కట్టండి."
ఎంతో ఆర్లిస్ నోటిలెక్క కట్టి చెప్పింది.
మా దగ్గర అంత లేదు.
తప్పు ఆయనది కాదు.
పుస్తకంలో రెండు కాగితాలు అతుక్కుపోతే
ఆ పేజీ నేనే దాటేశాను.

జిగురారిన కవర్లన్నీ చించాం.
నాలుగువేల రెండువందల ఎనభైనాలుగు గింజలు,
వంటింట్లోంచి తెచ్చిన సూప్ కుండలోకి.
కొత్త కవర్లు.
వేలు పెట్టి జరిపితే ఎక్కడా ఏదీ తగలదు.
ప్రతి ఇంటి దుఃఖమూ ఒకటే మందం.
రోలాండ్ తూకం వేసి, ముద్ర కొట్టి,
"బాగుంది" అన్నాడు.

ఉత్తరం మార్చడం మర్చిపోయాం.

మూడో పేరాలో అలాగే ఉండిపోయింది:
'ఈ కవరులోని గింజల్ని మీకు నచ్చిన చోట నాటండి.'

తొమ్మిదో రోజు నుంచి ఫోన్లు.
కవరు మూల చిరిగి దారిలో రాలిపోయాయేమో అని ఒకరు.
పర్లేదు, మేం కొనుక్కున్నాం అని ఒకరు.
ఒక ముసలావిడ
నేనే ఎక్కడో పారబోసుకున్నట్టున్నాను,
చెత్తబుట్ట రెండుసార్లు వెతికాను,
ఏమీ అనుకోకండి, అని
మాకు క్షమాపణ చెప్పింది.

శుక్రవారం సోల్‌హైమ్‌గారు తనే వచ్చాడు.
బూట్ల మంచు గుమ్మంలోనే దులిపి
కవరు నోరు తెరిచి చూపించాడు.
నేను కుండ తెచ్చి ముందు పెట్టాను.
"ఎన్ని?"
ఏడండీ.
అరచేతిలో ఏడు లెక్కపెట్టుకుని
ఒకటి తిరిగి కుండలో వేశాడు.
"కుండీ చిన్నది."

వాటిని ఆ కవరులోనే పోసుకుని
మడిచి, చొక్కా జేబులో పెట్టుకుని
గుమ్మం దాటబోతూ ఆగి
పైనుంచి బొటనవేలితో నొక్కి చూసుకున్నాడు,
తగులుతున్నాయా అని.